తీరం మీద విలాసపు డేరాలు

డేరా అంటే మన పెద్దలకు తెలిసిన అర్థాలు మూడో నాలుగో వుండేవి. జమాబందీకి వచ్చిన కలెక్టరుగారి డేరా ఒకటి. దాని ముందు కరణాలు, మునసబులు కవిలెకట్టలు చంకన పెట్టుకుని పడిగాపులు కాసేవారు. వూళ్ళోకి వచ్చే సర్కసు డేరా ఒకటి. వూరి చివర తోపులో దిగే సంచార జాతుల డేరా మరొకటి. తుపాను వచ్చి పోయిన తరువాత ఇల్లు కూలినవారికి సర్కారు పంచే టార్పాలిను గుడ్డ కింద తలదాచుకోవడం కూడా డేరా బతుకే. ఈ జాబితాలో ఇప్పుడు కొత్తది చేరింది. చల్లగాలి యంత్రం, మెత్తని పరుపు, వేడినీళ్ళ స్నానాలగది, ముంగిట పడక కుర్చీలు, ఎదురుగా సముద్రం - ఇన్ని హంగులతో ఒక రాత్రి బసకు వేలల్లో పుచ్చుకునే డేరా ఇది. ఇంగ్లీషువారు దీనికి గ్లాంపింగ్ అని ఒక ముద్దుపేరు కూడా పెట్టారు.

విశాఖ నుండి భీమునిపట్నం దాకా సాగే తీరం మీద ఈ తరహా బసల మాట కొన్నేళ్ళుగా గట్టిగా వినిపిస్తున్నది. పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024లో కొత్త విధానం ప్రకటించిన తరువాత ఆ మాట మరింత జోరందుకున్నది. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి తీరం పొడవునా భూముల బేరాలు ఎటూ వూపు మీదనే వున్నాయి. ఈ పరిస్థితిలో డేరాల సంగతిని ఏదో నలుగురు షోకీలాల సరదా అని కొట్టిపారేయడానికి వీలులేదు. ఇసుక ఎవరిది, దాని మీద ఎవరు నడవవచ్చు, ఎవరు నడవకూడదు అన్న ప్రశ్న దీని వెనుక వున్నది.

డేరాలు రావద్దని మేము అనడం లేదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. సముద్రం ఒడ్డున సిమెంటు కాంక్రీటు మేడలు కట్టడం కంటె, నాలుగు నెలలు వేసి తీసివేసే గుడారాలు వెయ్యిరెట్లు నయం. రుషికొండ మీద పాత పర్యాటక బసను తొలగించి, కొండను తొలిచి కట్టిన భవనాల వ్యవహారం న్యాయస్థానాల దాకా వెళ్ళిన సంగతి జిల్లా ప్రజలు మరువలేదు. కొండను ఒకసారి తవ్వితే మళ్ళీ అతికించలేము. గుడారం అట్లా కాదు, మేకులు పీకితే నేల మళ్ళీ నేలే. దానిలోని గొప్పదనమంతా ఆ పీకివేయడంలోనే వున్నది. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, వేయడం అందరికీ తెలుసు, పీకడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మొదటి సంవత్సరం కర్రబల్లల మీద గుడ్డ డేరా వేస్తారు. మరుసటి యేడు వాన నీరు చేరుతున్నదని బల్లల కింద సిమెంటు దిమ్మ పోస్తారు. ఆ పై యేడు కుక్కలు వస్తున్నాయని చుట్టూ ఇనుప కంచె వేస్తారు. నాలుగో యేడు ఆ కంచె గోడ అవుతుంది. గోడ లేచిన తరువాత లోపల వున్నది గుడ్డ ఇల్లా, ఇటుక ఇల్లా అని తొంగిచూసే అధికారి ఎవరు? తాత్కాలికం అన్న మాటకు మన కార్యాలయాలలో ఇంత శాశ్వతమైన అర్థం స్థిరపడిపోయింది.

ఇతర రాష్ట్రాల అనుభవం మన కళ్ళముందు వున్నది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో తెల్లని ఉప్పు మైదానం పక్కన ధోర్డో గ్రామం వద్ద చలికాలంలో రణ్ ఉత్సవం పేరిట డేరాల నగరమే వెలుస్తుంది. సీజను కాగానే వూడుస్తారు. ఆ వూరు తన మట్టి ఇళ్ళతో, అద్దాల కుట్టుపనితో ప్రపంచానికి తెలిసింది. 2023లో ప్రపంచ పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. గోవాలో సముద్రపు ఒడ్డున పాకలు వేసి భోజన ఫలహారాలు అమ్ముకునే హక్కును అక్కడి స్థానికులకు చీటీలు వేసి కేటాయిస్తారు. వానాకాలం రాకముందే వాటిని విప్పేయాలన్నది నియమం. అక్కడా ఉల్లంఘనలు లేకపోలేదు. కాని నియమం అంటూ ఒకటి వున్నది, ఫలానావాడు తప్పాడని వేలెత్తి చూపడానికి వీలున్నది.

మనకు మరీ దగ్గరిది ఒడిశా. ఎకో రిట్రీట్ పేరుతో ఆ రాష్ట్ర పర్యాటక శాఖ 2019 డిసెంబరులో కోణార్క తీరాన విలాసపు డేరాలు మొదలుపెట్టింది. తరువాతి సంవత్సరాలలో వాటిని ఇతర ప్రాంతాలకు విస్తరించింది. ఇచ్ఛాపురం దాటి సరిహద్దు అవతలికి వెళితే గంజాం జిల్లా సోనాపూర్ తీరం వస్తుంది, అక్కడిదాకా ఆ డేరాలు వచ్చాయి. కోణార్కలో నడిచినది భీమిలిలో ఎందుకు నడవదు అని మన అధికారులకు అనిపించడం సహజమే. అయితే రెంటికీ తేడా వున్నది. విశాఖ - భీమిలి తీరం ఖాళీగా పడివున్న ఇసుక మైదానం కాదు. జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట, చేపలుప్పాడ అంటూ మత్స్యకారుల పల్లెలు ఒకదాని వెనుక ఒకటి వున్నాయి. వాటి నడుమ బావికొండ, తొట్లకొండల మీద బౌద్ధుల శిథిలాలు, కింద ఎర్రమట్టి దిబ్బలు, చివరకు గోస్తని నది సముద్రంలో కలిసే చోట డచ్చివారి సమాధులతో, 1861 నాటి మునిసిపాలిటీగా పేరున్న భీమిలి. ఇంత ఇరుకు తీరంలో ఎవరు కాలుపెట్టినా మరొకరి పాదం తొక్కక తప్పదు.

మత్స్యకారుల సంగతి చూద్దాము. ఒడ్డున ఖాళీగా కనిపించే ఇసుక వారికి ఖాళీ కాదు. అలివి వల లాగేటప్పుడు చూసినవారికి ఈ విషయం తెలుస్తుంది. వల తాడు ఒక కొసను ఒడ్డున కొందరి చేతికిచ్చి, పడవ మీద మిగతావారు సముద్రంలోకి వెళ్ళి, అర్ధచంద్రాకారంగా వల విడుచుకుంటూ దూరంగా మరొకచోట ఒడ్డు చేరతారు. అక్కడి నుండి రెండు జట్లూ రెండు కొసలను లాగుతూ, ఒకరికొకరు దగ్గరగా జరుగుతూ వస్తారు. మొదట రెండు జట్ల మధ్య దూరం చాలా వుంటుంది. ఆ మధ్యలో ఒక్క కంచె, ఒక్క వరుస పడక కుర్చీలు వున్నా ఆనాటికి ఆ వల లాగడం కుదరదు. పట్టిన కవళ్ళు, నెత్తళ్ళు అమ్ముడు పోగా మిగిలినవి ఆ ఇసుక మీదనే ఎండబెడతారు. తెప్పలు, నావలు, ఫైబరు బోట్లు లాగిపెట్టేది అక్కడే. చిరిగిన వల కుట్టేదీ అక్కడే.

ఈ జాగాకు వారి దగ్గర పట్టా లేదు, దస్తావేజు లేదు. రెవెన్యూ లెక్కలలో అది పోరంబోకు. తాతల నాటి నుండి వాడుకుంటున్నామన్న మాట తప్ప చూపడానికి కాగితం ముక్క లేనివాడు, కాగితాల కట్టతో వచ్చినవాడి ముందు ఎంతసేపు నిలబడగలడు? ఎండుచేపల వాసన అతిథులకు పడదని, వాటిని మరోచోట ఎండబెట్టుకొమ్మని మొదట బతిమాలుతారు. రెండోసారి చెబుతారు. మూడోసారి కాపలావాడు చెబుతాడు. ఆ కాపలావాడు కూడా ఆ పల్లె కుర్రవాడే అయివుంటాడు, అదొక చిత్రం.

చట్టం ఈ విషయంలో మరీ గుడ్డిది కాదు. తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషను మొదట 1991 ఫిబ్రవరి 19న వచ్చింది. 2011 జనవరిలో దానిని తిరగరాశారు. 2019 జనవరి 18న మరోసారి మార్చి చాలా సడలించారు. గ్రామీణ తీరంలో పోటు గీత నుండి 200 మీటర్ల దాకా నిర్మాణాలు కూడదన్న నియమాన్ని, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మంది కంటె ఎక్కువ జనసాంద్రత వున్నచోట 50 మీటర్లకు కుదించారు. ఇసుక ఒడ్డున తాత్కాలిక పర్యాటక సదుపాయాలకు పోటు గీత నుండి కనీసం 10 మీటర్ల దూరం వుంటే చాలునన్నారు. డేరాల ఆసాములు చేతపట్టుకుని తిరిగే వాక్యం ఇదే. కాని అదే నోటిఫికేషను ఇసుక దిబ్బలను, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లను అన్నిటికంటె కట్టుదిట్టమైన రక్షణ తరగతిలో చేర్చింది. మత్స్యకార గ్రామాలు, వారి ఉమ్మడి స్థలాలు, చేపలు ఎండబెట్టే చోట్లు పటాలలో గుర్తించవలెనని 2011 నాడే చెప్పారు. 10 మీటర్ల వాక్యం అందరికీ కంఠతా వచ్చింది. మిగతా వాక్యాలు చదివేవారే కరువయ్యారు.

అసలు ఆ పటాన్ని మంగమారిపేటలోనో, చేపలుప్పాడలోనో ఎంతమంది చూశారు? ఇంటర్నెట్టులో పెట్టామంటే సరిపోదు. సర్వే నంబర్లు, రంగుల గీతలు, ఇంగ్లీషు అక్షరాలు వున్న ఆ కాగితాన్ని పల్లెవాసులకు అర్థమయ్యేట్టు తెలుగులో రాసి, రామమందిరం దగ్గర అంటించి, ఇది మీరు వలలు ఆరేసుకునే జాగా, ఇది పడవల జాగా, ఇందులో తప్పులుంటే చెప్పండి అని అడిగినప్పుడే దానిని పటం అనాలి. అదేమీ ఖర్చుతో కూడిన పని కాదు.

ఇక కాలం సంగతి. డేరాల వ్యాపారానికి అనువైన రోజులు నవంబరు నుండి ఫిబ్రవరి దాకా. ఎండలు ముదిరితే గుడ్డ కింద ఎవరూ పడుకోరు, ఎంత చల్లగాలి యంత్రం పెట్టినా. దురదృష్టమేమంటే బంగాళాఖాతానికీ, తాబేళ్ళకూ కూడా దాదాపు ఇవే రోజులు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మనకు తుపానుల కాలం. జనవరి నుండి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి.

రాత్రివేళ ఇసుకలోకి పాకి వచ్చిన తల్లి తాబేలు గొయ్యి తవ్వి నూరు గుడ్ల దాకా పెట్టి, పూడ్చి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతుంది. నలభై అయిదు నుండి అరవై రోజులలో పిల్లలు బయటపడతాయి. చీకట్లో ఎటు వెలుతురు ఎక్కువ వుంటే అటు పరుగెత్తడం వాటి పుట్టుగుణం. మనిషి లేని తీరంలో ఆ వెలుతురు నక్షత్రాల కాంతికి మెరిసే సముద్రానిదే. డేరాల ముందు రంగురంగుల బల్బుల తోరణాలు కట్టినచోట ఆ పిల్లలు సముద్రానికి వీపు తిప్పి దీపాల వైపు నడుస్తాయి. కుక్కలకు, కాకులకు అవి తెల్లవారేసరికి ఆహారం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జీవికి మొదటి షెడ్యూలులో చోటిచ్చింది, అంటే పులితో సమానమైన రక్షణ. అటవీ శాఖవారు మన తీరంలో గుడ్లు ఏరి, కంచెల్లో పొదిగించి, పిల్లలను కడలిలో విడుస్తున్నారు. ఒక శాఖ గుడ్లు ఏరుతూ వుంటే మరొక శాఖ దీపాలకు అనుమతులివ్వడం కంచే చేను మేసిన చందాన వుంటుంది. పరిష్కారం కష్టమైనదేమీ కాదు. జనవరి నుండి మే దాకా సముద్రం వైపు దీపం కనబడకూడదు. తప్పనిసరి దీపాలు తక్కువ ఎత్తులో, ఎర్రని కాంతితో, పైన మూతతో వుండాలి. రాత్రి పూట ఇసుక మీద మోటారు బండి నడపకూడదు. నక్షత్రాలు చూడడానికే వచ్చామనే అతిథికి దీపాలు ఆర్పివేస్తే కోపం రాకూడదు కదా!

నీటి విషయానికి వద్దాము. ఈ విషయాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు గనుక కొంచెం లెక్క వేసి చెప్పవలసి వున్నది. హోటళ్ళలో ఒక్కొక్క పడకకు రోజుకు 180 లీటర్ల నీరు కావాలని భారతీయ ప్రమాణాల సంస్థవారి లెక్క. పల్లెలో ఇంటింటికీ కుళాయి ఇచ్చే పథకంలో మనిషికి 55 లీటర్లు చాలునన్నారు. ఒక్కచోట యాభై డేరాలు, డేరాకు ఇద్దరు చొప్పున వేసుకుంటే రోజుకు 18,000 లీటర్లు. అది 327 మంది పల్లెవాసుల నీరు. ఈ నీటిని ఎక్కడి నుండి తెస్తారు? ట్యాంకరులో తెస్తే కొంత నయం. బోరు వేసి తోడితే మాత్రం ప్రమాదం. తీరంలో ఇసుక కింద వుండే మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ వుంటుంది. మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే కింద నుండి ఉప్పునీరు నలభై అడుగుల దాకా పైకి వస్తుందని భూగర్భ జలాల శాస్త్రం చెబుతున్నది. డేరా ఆసామికి నష్టం లేదు, బోరు ఉప్పగా మారితే మరుసటి యేడు మరోచోట డేరా వేసుకుంటాడు. పల్లె బావిని మాత్రం ఎవరూ మరోచోటికి మోసుకుపోలేరు.

వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది మరొక ప్రశ్న. ఇసుకలో గొయ్యి తవ్వి మరుగుదొడ్డి నీటిని అందులోకి వదలడం సులువైన పని. బంకమట్టి నేలలో అయితే మురుగు నిదానంగా ఇంకుతూ కొంత శుభ్రపడుతుంది. ఇసుకలో ఆ అవకాశం తక్కువ, చూస్తుండగానే బావికో, సముద్రానికో చేరుతుంది. అతిథి ఉదయం లేచి ఈత కొట్టేది ఆ నీటిలోనే. రుషికొండ తీరానికి శుభ్రతలో అంతర్జాతీయ గుర్తింపు అయిన బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చింది. నిర్వహణ లోపాల మూలాన 2025 తొలినాళ్ళలో ఆ జెండాను కొంతకాలం దించవలసి వచ్చింది, తరువాత మళ్ళీ ఎగిరింది. ప్రభుత్వమే స్వయంగా చూసుకుంటున్న ఒక్క తీరం పరిస్థితి ఇది. అందువల్ల మురుగును మూసిన తొట్లలో నింపి, బండిలో తరలించే ఏర్పాటు లేని డేరాకు అనుమతి ఇవ్వనే కూడదు. చెత్త సంగతి అడిగితే కాపులుప్పాడకు పంపుతామంటారు. నగరమంతటి చెత్తా చేరేది అక్కడికే. అదీ ఈ తీరంలోనే వున్నది!

ఎర్రమట్టి దిబ్బల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇటువంటి ఎర్రని ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో మన దగ్గర కాక తమిళనాడులోను, సింహళంలోను మాత్రమే వున్నాయి. గడచిన మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎగరవేసి పోగుచేసిందని, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. వేల సంవత్సరాలు పట్టిన పని అది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2025 సెప్టెంబరులో చేరింది. అయినా 2024లో అక్కడ యంత్రాలతో నేల చదును చేసిన వ్యవహారం పత్రికలకెక్కింది. ఇంత పేరు వచ్చిన తరువాత దిబ్బల పక్కన డేరా అనగానే అద్దె రెట్టింపు చేయవచ్చునని వ్యాపారికి తోస్తుంది. అక్కడ నేల ఎంత సున్నితమో చూడాలంటే ఒక్క వాన తరువాత వెళ్ళి ఆ గండ్లు చూస్తే చాలు. మనుషుల నడకదారి ఒకటి పడితే అదే వాననీటికి కాలువ అవుతుంది. దిబ్బల మీదగాని, వాటి అంచునగాని ఒక్క మేకు కూడా దిగకూడదు. దీనిలో బేరసారాలు లేవు.

తుపాను మాట ఎత్తకుండా మన తీరం గురించి ఏమీ రాయలేము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలికి కైలాసగిరి మీద చెట్లు నేలకూలాయి, విమానాశ్రయం పైకప్పు చీలికలయింది. 2025 అక్టోబరు చివరలో మొంథా కోనసీమ, గోదావరి ప్రాంతాల వైపు తీరం దాటినా విశాఖలో వానలు కుమ్మేశాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో రాష్ట్ర తీరంలో వంద మందికి పైగా మరణించారు. ఆనాడు హెచ్చరించేవారు లేరు. 2007 నుండి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ హెచ్చరికల కేంద్రాన్ని నడుపుతున్నది. హెచ్చరిక కేంద్రం నుండి కలెక్టరేటుకు వస్తుంది, అక్కడి నుండి తహసీల్దారుకు, పల్లెకు చేరుతుంది. హైదరాబాదు నుండో, రాయపూర్ నుండో వచ్చి అర్ధరాత్రి దాకా పాటలు విని డేరాలో నిద్రపోతున్న అతిథికి ఎవరు చెప్పాలి? అతడికి వూరు తెలియదు, దారి తెలియదు, తుపాను రక్షిత భవనం ఏ దిక్కున వున్నదో తెలియదు. పల్లెవాడు గాలి వాసన చూసి పడవ పైకి లాగుతాడు. పట్నవాసికి ఆ విద్య రాదు. ప్రతి డేరా బసకు ఖాళీ చేయించే పథకం, వాహనాలు, బాధ్యుడైన మనిషి, అతని ఫోను నంబరు తహసీల్దారు దగ్గర వుండాలి. తుపాను సూచన వెలువడగానే డేరాలు విప్పాలి. ఆ రాత్రి బుకింగులు వున్నాయన్న సాకు పనికిరాదు.

సముద్రస్నానం మరొక చిక్కు. మన తీరం వాలు ఎక్కువ, అల వెనక్కి లాగే లాగుడూ ఎక్కువ. విశాఖ తీరంలో మునిగిపోయినవారి వార్త లేకుండా ఏ సంవత్సరమూ గడవదు. చనిపోయేవారిలో కుర్రవాళ్ళే ఎక్కువ. డేరా గుమ్మంలో నుండి సముద్రంలోకి దారి చూపించి డబ్బు పుచ్చుకునేవాడు ఈతగాళ్ళను కాపలా పెట్టాలి. పెద్దజాలరిపేటలో, మంగమారిపేటలో సముద్రాన్ని చదివిన యువకులు ఎందరో వున్నారు. వారికి శిక్షణ, గుర్తింపు కార్డు, నెలజీతం ఇచ్చి పెట్టుకుంటే రెండు పనులూ జరుగుతాయి.

ఉద్యోగాల సంగతి వచ్చింది గనుక ఒక మాట. పర్యాటకం వస్తే స్థానికులకు ఉపాధి వస్తుందని ప్రతి సభలోను వింటున్నాము. ఎటువంటి ఉపాధి? గేటు దగ్గర కాపలా, గదులు తుడవడం, బట్టలు ఉతకడం. వంటవాడు బయటి నుండి వస్తాడు, మేనేజరు బయటి నుండి వస్తాడు, చేప కూడా పట్నం మార్కెట్టు నుండి మంచుపెట్టెలో వస్తుంది. ఎదురుగా వలలో వంజరం, కానాగంతలు పడుతూ వుండగా! చేపను పల్లె స్త్రీల సంఘాల దగ్గర కొనాలని, కొన్ని డేరాల నిర్వహణను మత్స్యకార సహకార సంఘాలకే ఇవ్వాలని లైసెన్సులో ఒక షరతు రాయడానికి సర్కారుకు కాణీ ఖర్చు లేదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు, సంతోషమే. కాని డేరాలు నడిచేది చలికాలంలో, పని లేనిది ఎండాకాలంలో. డేరా కూలి నిషేధపు రోజుల ఆకలి తీర్చదు. చలికాలపు ఆదాయంలో పల్లెకు వాటా వుంటేనే అది ఎండాకాలానికి మిగులుతుంది.

దారి విషయంలో మాత్రం రెండో మాట వుండరాదు. సముద్రపు ఒడ్డు ప్రజలది. ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకుని బస్సులో వచ్చే గుమస్తాకు, మురీలు అమ్ముకునే మనిషికి, అస్థికలు కలపడానికి వచ్చే కుటుంబానికి, వలతో వచ్చే జాలరికి అది సమానమే. ప్రైవేటు తీరం అన్న బోర్డు ఎక్కడ కనబడినా, అది ఎంత పెద్దవారిదైనా, ఆ పూటే పీకివేయాలి. డేరాల వరుసల మధ్య ఒడ్డుకు పోయే దారులు ఎన్ని వుండాలో, ఎంత వెడల్పు వుండాలో అనుమతి పత్రంలో అంకెలతో రాయాలి. తగినంత అని రాస్తే అది ఎవరికి తగినంతో వివరించనక్కరలేదు.

సరుగుడు తోటల గురించి కూడా జాగ్రత్త అవసరం. డేరాలకు నీడ కావాలి గనుక అందరి కన్నూ వాటి మీదనే. అవి గాలిని ఆపే గోడలుగా నాటినవి. ముందు వరుసలో ఇసుకను పట్టి వుంచేది మనం రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ళ గడ్డి. అతిథుల పాదాలకు గుచ్చుకుంటుందని దానిని ముందుగా పీకివేస్తారు. అది పోతే ఇసుక నిలవదు. బీచి రోడ్డు వెంట ఇసుక కోతకు గురయి, రేవు నుండి తవ్వితీసిన ఇసుకను తెచ్చి పోయవలసి రావడం విశాఖవాసులు ఎన్నో యేళ్ళుగా చూస్తున్నదే.

ఇవన్నీ కలెక్టరుగారు ఒక్కరే చూడగలిగినవి కావు. పర్యాటక శాఖ, అటవీ శాఖ, రెవెన్యూ, మత్స్య శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, తీరప్రాంత నిర్వహణ సంస్థ, మహానగర పాలక సంస్థ - ఇందరి సంతకాలు కావాలి. ఇందరి సంతకాలు వున్నచోట ఎవరి బాధ్యతా వుండదన్నది పాత అనుభవం. కనుక ఒక్క అధికారి పేరు చెప్పండి. ఏ డేరాకు ఎవరి అనుమతి వున్నది, ఎన్నింటికి వున్నది, ఏ తేదీన విప్పాలి అన్న జాబితాను ఆయన తన సంతకంతో పల్లెలో అంటించాలి. విప్పే తేదీ దాటిన మరునాడు సొంత ఖర్చుతో విప్పించడానికి సరిపడా డిపాజిట్టు ముందుగానే కట్టించుకోవాలి.

వచ్చే సీజనుకు అనుమతులు ఇవ్వడానికి ముందు తీరపు పల్లెల్లో బహిరంగ సమావేశాలు జరపాలి. అవి ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. నగరంలో చల్లని హాలులో ఉదయం పదింటికి పెడితే వచ్చేది ఎవరో చెప్పనక్కరలేదు. ఆ వేళకు మగవారు ఇంకా సముద్రం మీద వుంటారు, ఆడవారు తట్టలతో బజారులో వుంటారు. వేట నిషేధం వున్న 61 రోజులలో మోటారు పడవలన్నీ ఒడ్డునే వుంటాయి. ఆ రోజుల్లో, చేపల అమ్మకం ముగిసి ఆడవారు ఇళ్ళకు చేరిన తరువాత, సాయంత్రం పూట, ఆ ఇసుక మీదనే సమావేశం పెట్టాలి. పటం కూడా వెంట తీసుకువెళ్ళాలి.